నిండుకున్న ఖజానా

ఒకానొక రాజ్యంలో గత్తర సోకింది. నలభై రోజులు అంగళ్ళన్నీ మూయించక తప్పలేదు. జబ్బు తగ్గుముఖం పట్టాక మహీధర భూపతి చాటింపు వేయించాడు: "చిన్న వర్తకులు కొట్లు మళ్ళీ తెరుచుకోవడానికి ఖజానా నుంచి అప్పు ఇస్తాం. సరుకు ఎంతుందో అర్జీలో రాసిస్తే చాలు."

రాజు మంచివాడే. చిక్కంతా కోశాధికారి విరూపాక్షయ్యతో వచ్చింది. ఆయన నిఘంటువులు నమిలి మింగిన పండితుడు. వంటింటి గడప మాత్రం ఏనాడూ తొక్కి ఎరగడు. నూటపాతిక మంది అర్జీలు పెట్టుకుంటే ఒక్కరికీ అప్పు ఇవ్వలేదు.

మరమరాలు వేయించి అమ్ముకునే వీరమ్మ, తిప్పి పంపిన అర్జీ పట్టుకుని ఆస్థాన విదూషకుడు చెన్నుభొట్లు దగ్గరికి వచ్చింది.

"ఏం రాయించావమ్మా?" అని అడిగాడాయన.

"ఉన్నమాటే బాబయ్యా. కొట్లో సరుకు నిండుకుంది, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి అని. ఇంటి ఇల్లాలు 'లేవు' అనకూడదు కదా. 'నిండుగా ఉన్నవాళ్ళకి అప్పెందుకు' అని ఆ అయ్యగారు కొట్టేశారు. అందరూ అలాగే రాశారు, అందరివీ కొట్టేశారు. ఎల్లుండిలోగా డబ్బు అందకపోతే మూకుడు అమ్ముకోవాలి. మూకుడు పోయాక ఇంక నాకు కొట్టెక్కడిది?"

చెన్నుభొట్లుకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. "మూకుడు అమ్మకు. ఆ అర్జీలన్నీ పోగుచేసి నాకు పంపు" అన్నాడు.

మర్నాడు నిండు సభలో లేచి నిలబడ్డాడు. "కోశాధికారి గారూ, తెలియక అడుగుతాను, మన ఖజానా నిండుకుందా?"

విరూపాక్షయ్య మీసం దువ్వాడు. "సందేహమా? పూర్తిగా నిండుకుంది."

"మరి ధాన్యపు గాదెల మాటేమిటి?"

"అవీ నిండుకున్నాయి. అంతా నా చేతి చలవ."

రాజు సింహాసనం మీంచి దిగ్గున లేచాడు. "ఇంతలోనే నా ఖజానా ఊడ్చేశావా? ఎవరికి పంచిపెట్టావు?"

"ఒక్కరికీ ఒక్క కాసు ఇవ్వలేదు ప్రభూ" అన్నాడు విరూపాక్షయ్య.

"ఎవరికీ ఇవ్వకుండానే నిండుకుందా? అయితే ఇంటికి మోసుకుపోయావన్నమాట. భటులారా, పట్టుకోండి."

చెన్నుభొట్లు అడ్డం వచ్చాడు. "ఆగండి ప్రభూ. ఈయన దొంగ కాదు, పండితుడు. నిండుకోవడమంటే నిండుగా ఉండటమని ఈయన అర్థం. ఆ అర్థంతోనే ఇవన్నీ కొట్టేశారు" అంటూ అర్జీల కట్ట ముందు పెట్టాడు.

రాజు ఒకటి చదివాడు, రెండోది చదివాడు. మూడోదానికి సభ దద్దరిల్లేలా నవ్వాడు.

"పొద్దుగూకేలోగా వీళ్ళందరికీ అప్పులు అందాలి విరూపాక్షయ్యా. అందకపోతే నీ జీతం నిండుకుంటుంది. మా అర్థంలో" అన్నాడు. మెడలోని ముత్యాల హారం తీసి చెన్నుభొట్లుకు వేశాడు.

ఆ సాయంత్రమే వీరమ్మ పొయ్యి వెలిగించింది.

అప్పట్నుంచి విరూపాక్షయ్య ఏ అర్జీ వచ్చినా ముందు ఇంటికి పట్టుకెళ్ళి, వంటింటి గడప మీద కూర్చుని భార్యకు చదివి వినిపించేవాడట. ఆవిడ "ఇచ్చెయ్యండి" అంటేనే ముద్ర వేసేవాడు.