కనుమ మీద సిగ్నలు

ఇమాంవలికి అడవంటే భయం లేదు, చిరుతపులి అన్నా లేదు. అతని భయమంతా ఫోనులో ఛార్జింగు అయిపోతుందేమోనని.

ఏటా ఉరుసుకు కాశీం తాత తన శిష్యుల్ని వెంటబెట్టుకుని, అడవికి అడ్డంపడి నడిచి, సిద్ధలగట్టు దర్గాకు గంధం తీసుకుపోతాడు. ఆ నడకలో ఎవరూ ఫోను తేకూడదని తాత పెట్టిన కట్టుబాటు. కానీ పోయినేడు కార్చిచ్చుకు దారి గుర్తులన్నీ మాసిపోయి, జట్టంతా ఒక పగలు పగలంతా ముళ్ళకంపల్లో పడి తిరిగింది. పైగా తాత కళ్ళకు పొర కమ్ముతోంది. అందుకని ఈ ఏడు కట్టుబాటు కాస్త సడలించాడు. జట్టుకంతా ఒకే ఫోను, అది ఇమాంవలి చేతిలో. దారి చూపించే పని కూడా అతనిదే. మిగిలినవాళ్ళు తమ ఇళ్ళల్లో ఆ నంబరే ఇచ్చి బయల్దేరారు.

ఇమాంవలికి ఊళ్ళో ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. తాత దగ్గర చేరి ఎన్నేళ్ళయినా తనకు ఇంత పెద్ద పని ఎప్పుడూ దొరకలేదు. మ్యాపు ముందే ఫోనులో దింపుకున్నాడు. నిండా ఛార్జి చేసిన పవర్ బ్యాంకు సంచిలో వేసుకున్నాడు. అది చాలదన్నట్టు, ఎండకు ఛార్జి అయ్యే సోలారు పలక ఒకటి వీపుకు కట్టుకున్నాడు. ఆ పలకతో అతను ముందు నడుస్తుంటే, గంధం మోసేవాడికంటే అతనికే ఎక్కువ మర్యాద జరిగింది. తాత ఒకసారి ఆ పలకను చేత్తో తడిమి, బాగుందన్నాడు.

మొదటిరోజు ఇమాంవలి దర్జాగా గడిపాడు. వాగు దాటితే వీడియో, కోతి కనిపిస్తే ఫోటో. చీకటిపడే వేళకు పవర్ బ్యాంకు ఖాళీ అయింది. రెండోరోజు మబ్బు పట్టింది. మబ్బు విడిచిన కాసేపూ చెట్ల కిందే నడక కాబట్టి, వీపు మీద పలక ఎండ మొహం చూడలేదు. సాయంత్రానికి ఏదో కొమ్మ తగిలి ఆ పలక కూడా పగిలిపోయింది.

అప్పుడు పట్టుకుంది భయం. ఫోను ఏరోప్లేన్ మోడులో పెట్టాడు. తెర వెలుగు తగ్గించాడు, తగ్గించి తగ్గించి తనకే సరిగ్గా కనపడనంత చేశాడు. చలికి బ్యాటరీ దిగిపోతుందని రాత్రి మఫ్లరులో చుట్టి పొట్ట దగ్గర పెట్టుకుని పడుకున్నాడు. నడిచేటప్పుడు మిగిలినవాళ్ళు అడుగు అడుగుకీ అల్లా పేరు తలుచుకుంటుంటే, ఇతను ఫోను తీసి ఎంత శాతం ఉందో చూసుకుంటున్నాడు. ఏం చేస్తాడు పాపం, అందర్నీ గట్టెక్కించే భారం తనదేనని నిజంగానే నమ్మాడు.

మూడోరోజు పొద్దెక్కేసరికి కనుమ చేరారు. ఆ అడవి మొత్తానికి సిగ్నలు దొరికేది అక్కడొక్కచోటే. గొర్రెల కాపరులు ఇంటికి మాట్లాడాలంటే అక్కడున్న పెద్ద రాతి మీదికే ఎక్కుతారు. అది తెలిసి జట్టులో నడుస్తున్న ఫక్కీరమ్మ ఇమాంవలి దగ్గరికి వచ్చింది.

ఫక్కీరమ్మ చిన్న కూతురు మాబున్నికి చాలాకాలం పిల్లలు లేరు. కడుపు పండితే దర్గాకు నడిచొచ్చి సమాధి మీద చాదరు కప్పుతానని తల్లి మొక్కుకుంది. కడుపు పండింది. తీరా ఉరుసు నాటికి కూతురికి నెలలు నిండి, పట్నంలో ఆసుపత్రిలో చేరింది. మొక్కు తప్పొద్దని ఆ పిల్లే తల్లిని బలవంతంగా సాగనంపింది. నవ్వుకుంటూ బయల్దేరింది గానీ, ఫక్కీరమ్మ మనసంతా అక్కడే ఉంది.

"వలీ, ఒక్క మాట. బిడ్డ ఎట్లుండాదో అడిగి పెట్టేస్తా."

ఇమాంవలి జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "అత్తా, ఉండే ఛార్జింగు దారికే చాలదు. అడవిలో దారి తప్పితే ఇంతమంది గతి ఏం కావాల?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే చిక్కు. తప్పు మాటయితే ఎవరో ఒకరు ఎదురు చెప్పేవాళ్ళు. ఫక్కీరమ్మ తల ఊపి, కొంగు సర్దుకుని పక్కకు వెళ్ళింది. రాతికి ఆనుకుని కూచున్న కాశీం తాత అంతా విన్నాడు. లేచి కర్ర తీసుకున్నాడు. అందరూ దిగువకు నడిచారు. దిగుతున్నంతసేపూ ఫక్కీరమ్మ వెనక్కి తిరిగి కనుమ వైపు చూస్తూనే ఉంది.

కింద ఒక తపసి చెట్టు నీడన ఆగారు. మబ్బు విడిచి ఎండ మండుతోంది. ఈ నడకలో నీళ్ళ తిత్తి ఎప్పుడూ తాత భుజానే ఉంటుంది. ఆగినచోటల్లా దాని మూతి విప్పి, ఒక్కొక్కరి దోసిట్లో పోస్తాడు. అందరూ తాగాక తను తాగుతాడు. ఏనాడూ ఎవరూ అడగాల్సిన పని పడలేదు.

ఆరోజు తాత తిత్తి విప్పలేదు. మూతి తాడు మరోసారి బిగించాడు. తన దుప్పటి తీసి దాని చుట్టూ చుట్టాడు. చెట్టు మొదట్లో నీడ బాగా ఉన్నచోట పెట్టి, దాని మీద చెయ్యి వేసి కూచున్నాడు. కాసేపయ్యాక ఎండపొడ పడిందని ఇంకాస్త లోపలికి జరిపాడు. అందరి నోళ్ళూ పిడచకట్టుకుపోతున్నాయి. పెద్దాయన మరిచిపోయాడేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి ఇమాంవలే నోరు తెరిచాడు.

"తాతా, నీళ్ళు."

"తగ్గిపోతాయి నాయనా."

ఇమాంవలి నవ్వాడు. తాత నవ్వలేదు.

"ముందర శానా దారి ఉండాది," అన్నాడు తాత. "నీళ్ళు లేకపోతే ఇంతమంది గతి ఏం కావాల?"

"తాగేదానికే కదా తాతా తెచ్చుకున్నది!" దాహం మీదున్నాడేమో, మాట కొంచెం కటువుగానే వచ్చింది.

తాత పొర కమ్మిన కళ్ళతో అతని వైపు చూశాడు. ఇమాంవలికి తను అన్న మాటే మళ్ళీ వినిపించింది. అతని చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. మొహం కందిపోయింది. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా, ఫక్కీరమ్మ మొహం చూడాలంటే భయమేసింది. అయినా లేచి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"అత్తా, రా. పైకి పోదాం."

తాత దుప్పటి తీసేసి తిత్తి మూతి విప్పాడు. మొదట ఫక్కీరమ్మ దోసిట్లో పోశాడు, తర్వాత ఇమాంవలి దోసిట్లో.

దిగినంత తేలిక కాదు ఎక్కడం. ఇద్దరూ ఎక్కడా ఆగలేదు. రాతి మీద నిలబడి ఇమాంవలి ఏరోప్లేన్ మోడు తీసేశాడు. ఫోను సిగ్నలు కోసం వెతుక్కుంటూ ఉంటే, కళ్ళెదుటే ఛార్జింగు దిగిపోతోంది. ఉన్నట్టుండి సందేశాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడ్డాయి. అన్నీ తప్పిపోయిన కాల్సు, అన్నీ ఫక్కీరమ్మ అల్లుడివే. నిన్న సాయంత్రం నుంచి చేస్తూనే ఉన్నాడు. ఇందాక ఇదే రాతి దగ్గర తను వద్దని చెప్పిన వేళకు కూడా ఒకటి ఉంది.

"ఏమంట వలీ?" అంది ఫక్కీరమ్మ. ఆమెకు చదువు రాదు.

జరగరానిదేదో జరిగిందనే ఇమాంవలి అనుకున్నాడు. వెంటనే ఆ నంబరు నొక్కాడు.

ఆడబిడ్డ పుట్టిందట. తల్లీ బిడ్డా క్షేమం. ఫక్కీరమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. అల్లుడు మాత్రం ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. తాతను తొందరగా పిలవమన్నాడు. ఫక్కీరమ్మ ఇంట పుట్టిన ప్రతి బిడ్డ చెవిలోనూ నమాజు పిలుపైన తొలి అజాన్ చెప్పింది తాతే. మాబున్ని చెవిలోనూ ఆయనే చెప్పాడు. అల్లుడు తాను చెబుతానన్నా మాబున్ని ఒప్పుకోలేదట. ఫోనులోనైనా సరే, తాత గొంతే కావాలని పట్టుబట్టి కూచుందట. నిన్నటినుంచీ ఆ బిడ్డ పాలు తాగుతోంది, నిద్రపోతోంది గానీ, వినాల్సిన తొలి పిలుపు మాత్రం ఇంకా వినలేదు.

తాత ఎక్కడో కింద చెట్టు నీడన ఉన్నాడు. ఆయన మళ్ళీ ఈ ఎత్తు ఎక్కలేడు. ఎక్కినా, అంతవరకు ఫోను ఉండదు. ఇమాంవలి ఆ మాట దాచకుండా ఇద్దరికీ చెప్పాడు. అవతల కాసేపు గుసగుసలు వినిపించాయి. ఇవతల ఫక్కీరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు చెప్పు నాయనా."

"నేనా? నీకు లేదన్న నోటితో ఎట్ల చెప్పేది అత్తా?"

"ఆ నోటితోనే చెప్పు. బిడ్డ కాచుకోనుండాది."

అవతల నుంచి అల్లుడి గొంతు వచ్చింది. "మాబున్ని సరేనంటాది అన్నా. ఫోను పాప చెవి కాడ పెట్టినా."

ఇమాంవలి తువ్వాలు తలకు చుట్టుకుని పడమటికి తిరిగాడు. పసిబిడ్డ ఉలిక్కిపడకుండా చిన్న గొంతుతో మొదలుపెట్టాడు. సగానికి వచ్చేసరికి తెర నల్లబడింది. అతను చూశాడు. ఫక్కీరమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. అతను ఆపలేదు. గొంతు మార్చలేదు. ఆ చిన్న చెవి ఇంకా అక్కడే ఉన్నట్టు చివరి మాట దాకా చెప్పి, అప్పుడు చెయ్యి దించాడు.

వాళ్ళు కిందికి రాగానే అందరూ ఫక్కీరమ్మ చుట్టూ మూగారు. ఎవరో కలకండ పొట్లం విప్పి పంచిపెట్టారు. ఇమాంవలి ఆ సందడిలోకి పోలేదు. తాత ముందు కూచుని ఆరిపోయిన ఫోను నేలమీద పెట్టాడు. జరిగిందంతా చెప్పాడు, ఇందాక తను వద్దన్న వేళకే వచ్చిన ఫోను సంగతి కూడా.

"అజాన్ నడుమ ఫోను ఆరిపోయింది తాతా. బిడ్డకు ఎంతవరకు ఇనపడిందో తెలీదు."

"నువ్వు ఆపినావా?"

"లేదు తాతా. ఆఖరి దాకా చెప్పినాను."

కాశీం తాత కర్ర ఊతంగా లేచాడు. తడుముకుంటూ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంక నువ్వే దారి చూపించు," అన్నాడు.