పడని పూలు

శేషఫణికి కొత్తగా ఒక అలవాటు పట్టుకుంది. పళ్లు తోముకుంటూ, బస్సు కోసం నిలబడి, ఆఖరికి ఎదుటివాళ్లు మాట్లాడుతుండగా కూడా తన పాత పద్యాలు లోలోపల అప్పజెప్పుకోవడం. ఎక్కడైనా ఒక్క మాట తట్టకపోతే ఆ పూట అన్నం సహించేది కాదు.

అతను అవధాని. చుట్టూ ఎనిమిది మంది చేరి ఎనిమిది రకాలుగా చికాకుపెడుతున్నా పద్యాలు అల్లాలి, చివర్లో అన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పాలి. జ్ఞాపకం పోతే ఆ విద్యే లేదు.

వాళ్లమ్మ యాభై ఎనిమిదో ఏట కన్నకొడుకుని పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగింది. ఆ భయంతోనే నలభై రెండేళ్లకి ఫణి పరీక్షలు చేయించుకున్నాడు. రక్తం చూసి, అమ్మకి మతిమరుపు తెచ్చిన జన్యువు నీలోనూ ఉందన్నారు. తలకి తీగలు తగిలించి, మెదడు తరంగాలు కాస్త మందగించినట్టున్నాయన్నారు.

"ఇది జబ్బు కాదు. వస్తుందనీ చెప్పలేం, రాదనీ చెప్పలేం. ఏడాదికి మళ్లీ రండి" అన్నాడు డాక్టరు. ఏడాది ఎవడు ఆగుతాడు? ఫణి ఆ సాయంత్రం నుంచే ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు.

ఆదివారం కాకినాడలో అవధానం. బుధవారంనాడే కాలుగాలిన పిల్లిలా గురువు జోగయ్య మాస్టారింటికి వచ్చాడు.

"కాకినాడవాళ్లకి నేను రాలేనని చెప్పేయండి గురువుగారూ. సభలో మరిచిపోతే తలెత్తుకోలేను. ఈ విద్య వదిలేస్తాను."

మాస్టారు పరీక్షల కాగితాలు రెండుసార్లు చదివారు. మడిచి ఫణి జేబులోనే పెట్టారు. పెరట్లోకి వెళ్లి బుట్టెడు నందివర్ధనాలు కోసుకొచ్చారు.

"అటు తిరిగి కూచో. గోదారి మీద వాన. తేటగీతి పద్యం చెప్పు. పూలు లెక్కపెట్టు."

ఇది ఫణికి ఇరవయ్యేళ్ల అలవాటు. అవధాని పద్యం చెబుతుంటే వెనకనుంచి ఒకరు వీపు మీద పూలు విసురుతారు. పద్యం ఆగకూడదు, లెక్క తప్పకూడదు.

మొదటి పాదం సులువుగానే వచ్చింది. వీపుకి ఏదో తగిలింది. ఒకటి. రెండో పాదంలో మరో రెండు. మూడో పాదం సగంలో ఉండగా ఇంకొకటి, వెంటనే ఇంకొకటి. అయిదా, ఆరా? ధ్యాసంతా వీపు మీదే ఉంది. పద్యం అక్కడే నిలిచిపోయింది.

"ఏడు గురువుగారూ" అన్నాడు చివరికి, రొప్పుతూ. "లెక్క మాత్రం తప్పలేదు."

"ఇటు తిరుగు."

బుట్ట నిండుగా ఉంది. నేలమీద ఒక్క పువ్వు లేదు. ఫ్యాను గాలికి ఫణి భుజం మీది కండువా అంచు లేచి, అతని వీపుని మళ్లీ తాకింది.

అతని మొహం పాలిపోయింది. "అంటే నాకు అప్పుడే మొదలైందా?"

"అది డాక్టరుగారు చూస్తారు. ఏడాదికి రమ్మన్నారుగా, నేనూ తోడొస్తాను." మాస్టారు బుట్ట ఒళ్లోకి తీసుకున్నారు. "పడని పూలు లెక్కపెట్టావు. పద్యం ఏదిరా?"

ఫణి కండువా తీసి పక్కన పెట్టాడు. అటు తిరిగి కూర్చుని, మూడో పాదం మొదటినుంచి ఎత్తుకున్నాడు.

వీపు మీద మెత్తగా ఒక పువ్వు పడింది.

ఒకటి, అనుకుని నాలుగో పాదంలోకి వెళ్లాడు.