ట్రాక్టర్ బ్యాటరీతో బయలుదేరిన పడవ

కొల్లేరు నడుమ పాతలంక అనే ఊళ్ళో నాంచారయ్య అనే జాలరి ఉండేవాడు. పనిలో చురుకైనవాడే కానీ, ఎదుటివాళ్ళు మాట ముగించేలోపే "నాకు తెలుసు" అని లేచిపోయేవాడు.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. కొల్లేరు నిండింది. ఉప్పుటేరు వైపు చేపలు గుంపులుగా తిరుగుతున్నాయని ఊరంతా చెప్పుకున్నారు. గెడ కర్రతో పడవ తోసుకుంటూ అంత దూరం వెళ్ళి రావాలంటే రోజంతా పట్టేది. డీజిల్ ఇంజన్ పెడితే ఆ చప్పుడుకు చేపలు చెదిరిపోయేవి. సరిగ్గా అప్పుడే, ఏలూరులో ఒక దుకాణానికి పడవలకు పెట్టే కరెంటు మోటార్లు వచ్చాయని తెలిసింది. పడవ వెనక తగిలించి బ్యాటరీకి కలిపితే చాలట. చప్పుడే ఉండదట.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాంచారయ్యకు కాలు ఒకచోట నిలవలేదు. మర్నాడే అక్క అంకమ్మను వెంటబెట్టుకుని ఏలూరు వెళ్ళాడు. అంకమ్మ కూడా సొంత పడవ మీద చేపలు పట్టేది.

దుకాణం నడిపే సత్యవాణి ఒక మోటారును నీళ్ళ తొట్టిలోకి దించి మీట తిప్పింది. రెక్కలు గిర్రున తిరిగాయి. నీళ్ళు ఎగిరి నాంచారయ్య చొక్కా తడిసిపోయింది. అతనికి ఇంకా హుషారెక్కింది.

"వీటిలో అన్నిటికంటే పెద్దది ఏదమ్మా?" అన్నాడు.

"ఇదిగో, ఇదండీ. కానీ మీ పడవ బరువెంతో, ఎంత దూరం వెళ్తారో ముందు చెప్పండి. పెద్ద మోటారు కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది. దానికి తగ్గ బ్యాటరీ..."

"నాకు తెలుసు. బ్యాటరీ మా ఇంట్లోనే ఉంది. మా బావమరిది ట్రాక్టర్‌ది. కొత్తది."

"ట్రాక్టర్ బ్యాటరీ వేరండీ. అది ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్క క్షణం..."

"అంత ట్రాక్టర్‌నే లేపేది, నా పడవను లాగలేదా?" అంటూ నాంచారయ్య పెద్ద మోటారు భుజానికెత్తుకుని బయటికి నడిచాడు.

అంకమ్మ అక్కడే ఆగింది. పడవలో ఎంత సరుకు వేస్తుందో, నీళ్ళు ఎంత లోతుంటాయో, పొద్దున బయల్దేరితే ఎప్పటికి తిరిగొస్తుందో అన్నీ చెప్పింది. సత్యవాణి ఆమెకు మధ్య రకం మోటారు, గంటల తరబడి కొంచెం కొంచెంగా కరెంటు ఇచ్చే పెద్ద బ్యాటరీ ఎంచి ఇచ్చింది.

"బ్యాటరీ సగం ఖర్చయ్యేలోపే ఇంటిదారి పట్టండి" అంది.

"ఎదురుగాలి వస్తే?"

"అందుకేనమ్మా సగం అన్నది."

మూడో రోజు పొద్దున్నే ఊరంతా గట్టు మీద చేరింది. నాంచారయ్య భార్య తిరుపతమ్మ పడవలో గెడ పెట్టబోయింది. "మోటారు ఉండగా అదెందుకు, కాళ్ళకు అడ్డం" అని అతను తీసి గట్టు మీద పారేశాడు. మోటారును ట్రాక్టర్ బ్యాటరీకి కలిపి, మీట చివరికంటా తిప్పాడు. పడవ ముక్కు పైకి లేచింది. గట్టు మీద ఈలలు వేశారు. పడవ నీళ్ళను చీల్చుకుంటూ పోతుంటే, పక్కనే ఉన్న నీటికోళ్ళు ఎగిరిపోవడం కూడా మరచి చూస్తూ ఉండిపోయాయి. తిరుపతమ్మ పడవ అంచు గట్టిగా పట్టుకుని ఒకటే నవ్వు.

ఉప్పుటేరు దగ్గర వల వేస్తే చేతులు లాగేసేంత బరువు. కొర్రమీనులు, జెల్లలు. తొట్టెలు నిండాయి. తొట్టెల్లో పట్టనివి పడవ అడుగున పోశారు. అంకమ్మ ఆలస్యంగా వచ్చింది, రెండు తొట్టెలు నింపుకుంది, బ్యాటరీలో ఎంత మిగిలిందో చూపే ముల్లు చూసుకుంది.

"తమ్ముడూ, గాలి మారుతోంది. నేను బయల్దేరుతున్నాను. నువ్వూ రా."

"నువ్వు మెల్లగా పద అక్కా. దారిలో నిన్ను దాటేస్తాను."

అన్నట్టే ఇంకో వల లాగి బయల్దేరి, అక్కను దాటేశాడు కూడా. చెయ్యి ఊపుతూ ముందుకు దూసుకుపోయాడు. అంకమ్మ పడవ వెనక చిన్న చుక్కలా మిగిలింది. అప్పుడు పడమటి గాలి ఎదురుకొట్టింది. మోటారు వేగం తగ్గింది. ఇంకాసేపటికి రెక్కలు ఆగిపోయాయి. మీట తిప్పాడు. వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. కదలిక లేదు.

పడవ గాలికి అడ్డం తిరిగింది. బరువుకు అంచు నీళ్ళను తాకుతోంది. ఒక్కో అలకూ నీళ్ళు లోపలికి దూకాయి. తిరుపతమ్మ తపేలాతో తోడడం మొదలుపెట్టింది. నాంచారయ్య రెండు చేతులూ నీళ్ళలో పెట్టి తోశాడు. ఊరి గట్టు ఇంకా రెండు మైళ్ళు ఉంది. పడవ వెనక్కి, వెనక్కి పోతోంది.

అంతలో అంకమ్మ పడవ పక్కకు వచ్చింది. "ముందు చేపలు వదిలెయ్. ఈ బరువుతో లాగితే రెండు పడవలూ..."

"నాకు..." అని అతను ఆగిపోయాడు. తిరుపతమ్మ చీలమండల దాకా నీళ్ళలో నిలబడి తోడుతోంది.

"చెప్పక్కా" అన్నాడు.

అంకమ్మ చెప్పింది. తాడు పడవ ముక్కుకు కిందుగా కట్టాలి. ఇద్దరూ పడవ మధ్యలో కూర్చోవాలి. తను చెయ్యి ఎత్తితే తాడు విప్పెయ్యాలి. నాంచారయ్య చివరిదాకా విన్నాడు. విన్నది మళ్ళీ అప్పజెప్పాడు. తర్వాత తొట్టెలు ఒక్కొక్కటే వంచాడు. పొద్దుటి నుంచి పట్టిన కొర్రమీనులు తళుక్కుమని నీళ్ళలోకి జారిపోయాయి. అటు అంకమ్మ కూడా తన తొట్టి ఒకటి వంచేసింది. అది చూసి అతను తల దించుకున్నాడు.

తాడు బిగిసింది. మధ్య రకం మోటారు రెండు పడవలనూ మెల్లగా, ఆగకుండా లాగింది. గట్టు దగ్గరవుతున్నకొద్దీ అంకమ్మ ముల్లు వైపే చూస్తూ వచ్చింది. అది అడుగుకు దిగుతుండగా ఊరివాళ్ళు నడుము లోతు నీళ్ళలోకి పరుగెత్తుకొచ్చి తాడు అందుకున్నారు. తిరుపతమ్మ గట్టెక్కగానే ఆడపడుచును గట్టిగా కావలించుకుంది.

ఆ వారంలోనే నాంచారయ్య ఏలూరు వెళ్ళి సత్యవాణి ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె అడిగినవన్నీ చెప్పాడు. ఆమె చెప్పినవన్నీ విన్నాడు. ఆమె ఆగినప్పుడు "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నాడు. ఈసారి తన పడవకు సరిపడే మోటారు, దానికి తగిన బ్యాటరీ తెచ్చుకున్నాడు. మర్నాడు అక్కాతమ్ముళ్ళ పడవలు రెండూ ఉప్పుటేరు దాకా వెళ్ళి, చేపలతో నిండుగా భోజనాల వేళకు ఇల్లు చేరాయి.

తెలిసినవాళ్ళు చెప్పేది చివరిదాకా వినాలి. ఏ వస్తువునైనా దాని పెద్దతనం చూసి కాక, మన అవసరం చూసి ఎంచుకోవాలి.