తాడివ్వని బావమరిది

బుజ్జులూ, ఇటు జరుగు. ఆ ఫోను మీ అమ్మకిచ్చెయ్. సాయంత్రం నుంచీ చూస్తున్నాను, మంచుకొండ ఎక్కేవాళ్ళని నోరు తెరుచుకుని ఒకటే చూడ్డం. పెద్దయ్యాక నువ్వూ ఎక్కుతావా? ఎక్కుదువుగానిలే. ముందు దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టు.

అనగనగా ఒక కొండ, ఆ కొండ కాళ్ళ దగ్గర ఒక ఊరు. ఊరి పేరు ఈతలగూడెం, కొండ పేరు గొడుగుకొండ. ఎప్పుడు చూసినా దాని తల మీద తెల్లటి మబ్బొకటి గొడుగు పట్టినట్టు ఉండేది. ఆ కొండ ఎంత పేరుమోసిందంటే, దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. కింద నిలబడి, మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూసి, "అబ్బ, ఆ తల మీద ఏముందో!" అనుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

కొందరికి చూపుతో సరిపోయేది కాదు. ఎక్కుతామని పంతం పట్టేవాళ్ళు. అలా ఒకసారి ముగ్గురు ఎక్కారు. మొదటివాడు కాలు విరగ్గొట్టుకుని దిగాడు. రెండోవాడు మబ్బులో దారి తప్పి మూడు రోజులకి దిగాడు. మూడోవాడు దిగనే లేదు. వాడి చెప్పులు కొండ కింద ఉండిపోతే వాళ్ళమ్మ వచ్చి పట్టుకెళ్ళింది. అయినా జనం రావడం మానలేదు. అంత అందమైన కొండ మరి, ఏం చేస్తాం!

ఈతలగూడెం వాళ్ళ పని తేనె తియ్యడం. గొడుగుకొండకి భుజంలా ఒక పెద్ద బండ ఉండేది. దాని అంచుకి తేనెతుట్టెలు వేలాడేవి. నడుముకి తాడు కట్టుకుని బండ మీంచి కిందికి దిగి కొయ్యాలి. పైన ఒకళ్ళు ఆ తాడు పట్టుకోవాలి. ఎవరు పడితే వాళ్ళు పట్టడానికి వీల్లేదు, బావమరిదే పట్టాలి. అన్నైనా పట్టకూడదు, తమ్ముడైనా పట్టకూడదు. ఎందుకో చెప్పుకో? బావ పడిపోతే జన్మంతా ఏడ్చేది తన అక్కే కదా! అందుకని బావమరిది చెయ్యి ఏమరదు. అదీ వాళ్ళ ఆచారం.

ఆ ఊళ్ళో మంతన్న అని ఒకడుండేవాడు. వట్టి నోరులేని మనిషి. పదిమంది పది మాటలంటే తనొక మాట అనేవాడు, అదీ మెల్లగా. వాళ్ళ అక్క ఈదమ్మ, బావ బయన్న. తేనె తియ్యడంలో బయన్నని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మంతన్న అడవికెళ్ళి అడ్డతీగ నార తెచ్చి, బావ కోసం తన చేత్తో తాడు పేనేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. పైకి చెప్పుకోలేదనుకో.

ఒకరోజు పొద్దున ఇద్దరూ ఆ భుజం మీద ఉన్నారు. అప్పుడు ఉన్నట్టుండి మబ్బు తొలిగింది. కొండ తల బయటపడింది. తోమిన వెండి చెంబులా తళతళలాడిపోతోంది. మంతన్నకి ఒళ్ళు జల్లుమంది. తనకి తెలియకుండానే అటువైపు ఒక అడుగు వేశాడు. వేసి, ఉలిక్కిపడి ఆగాడు. బయన్న మాత్రం మబ్బు మళ్ళీ కమ్మేసినా అటే చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత బయన్నకి తిండి సయించలేదు. "ఒరే మంతూ, తల ఎక్కుతాను, తాడు పట్టు" అన్నాడు. మంతన్న "వద్దు బావా" అన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు. మంతన్న మళ్ళీ "వద్దు బావా" అన్నాడు. మూడో రోజు పట్నం నుంచి వచ్చినవాళ్ళు బయన్న చుట్టూ చేరి, "నువ్వు తప్ప ఆ కొండ ఎక్కే మగాడెవడయ్యా" అన్నారు. ఇంకేముంది, కొండ కంటే ముందు మునగచెట్టు ఎక్కేశాడు.

"ఇవాళ పడతావా పట్టవా?" అన్నాడు బయన్న.

"వద్దంటే వద్దు బావా. ఆ మబ్బు ఎప్పుడు దిగుతుందో ఎవరికీ తెలీదు."

"పిరికి సన్నాసీ! చీర కట్టుకుని మీ అక్క పక్కన కూచో, పో!" అన్నాడు అందరి ముందూ. చీర కట్టుకున్నవాళ్ళకి ధైర్యం ఉండదనా? నాకైతే ఒళ్ళు మండింది. మంతన్న తల దించుకుని ఇంటికెళ్ళిపోయాడు.

అప్పుడు బయన్న వాళ్ళ అన్న వీరన్న ముందుకొచ్చాడు. "నేను పడతాను తమ్ముడూ. ఎంత అడిగితే అంత తాడిస్తాను" అన్నాడు. వీరన్న చెడ్డవాడేం కాదమ్మా. తమ్ముడంటే వల్లమాలిన ముద్దు, ఏది అడిగినా కాదనలేడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మంతన్న ఇంట్లో కూచుని నార పేనుతున్నాడు. చేతులు పేనుతున్నాయి గానీ మనసు మనసులో లేదు. ఇంతలో ఈదమ్మ రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"తమ్ముడూ, మీ బావ వెళ్ళిపోయాడురా! మా బావగారు తాడు పట్టారంట!"

మంతన్నకి అభిమానం అడ్డొచ్చింది. "నన్ను అందరిలో పిరికివాడన్నాడక్కా."

"ఆయన అన్నాడు. నేనేమన్నానురా నిన్ను?" అంది ఈదమ్మ.

అంతే, చేతిలో నార అక్కడే పడేసి మంతన్న పరుగెత్తాడు.

భుజం మీదికి వెళ్ళి చూస్తే ఏముంది? భుజానికీ తలకీ మధ్య ఇరుకుగా ఒక లోయ. బయన్న అందులోకి దిగి, అవతల తల ఎక్కుతున్నాడు. చీమంత కనిపిస్తున్నాడు. వీరన్న తాడు వదులుతూ, "ఇంకో రెండు బారలే మంతూ! నా తమ్ముడు ఎక్కేస్తున్నాడు!" అని మురిసిపోతున్నాడు. మంతన్న మెడకి చల్లటి గాలి తగిలింది. తడి మట్టి వాసన వేసింది. మబ్బు దిగబోతోందన్నమాట.

"పెద్దబావా, తాడిలా ఇవ్వు" అని లాక్కుని, ఒక చుట్టు రాయికి వేసి, ఒక చుట్టు తన నడుముకి వేసుకుని, కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు.

అవతల నుంచి బయన్న తాడు లాగాడు. ఇంకొంచెం ఇవ్వమని దానర్థం. మంతన్న ఇవ్వలేదు. రెండోసారి లాగాడు. ఇవ్వలేదు. మూడోసారి లాగాడు. ఊహూఁ. అప్పుడు బయన్న వెనక్కి తిరిగి, తాడు పట్టిందెవరో చూశాడు.

"ఒరేయ్ పగవాడా! చెయ్యి చాస్తే అందుతుందిరా! రెండు బారలివ్వు!"

"ఇవ్వను బావా. దిగు."

బయన్న తిట్టని తిట్టు లేదు. అవన్నీ నీకు చెప్పనులే. చివరికి, "అయితే ముడి విప్పుకుంటాను!" అని నడుము మీద చెయ్యి వేశాడు.

మంతన్న తాడు ఇంకా గట్టిగా బిగించాడు. జన్మలో అన్ని మాటలు ఎప్పుడూ ఆడనివాడు, గొంతు చించుకుని అన్నాడు: "విప్పుకో బావా! అక్కడికొచ్చి నీ చెయ్యి పట్టుకోలేను. కానీ ఈ కొస మాత్రం వదలను. వట్టి తాడు పట్టుకుని ఇక్కడే కూచుంటాను. అక్క వచ్చి అడిగితే, బావ అటు చివర ఉన్నాడనే చెప్తాను."

బయన్న పైకి చూశాడు. ఆ వెండి తల అంత దగ్గర్లో ఉంది. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ముడి మీంచి చెయ్యి తీసేసి, దిగడం మొదలుపెట్టాడు.

లోయ అడుక్కి వచ్చాడో లేదో, మబ్బు దబ్బున దిగింది. వడగళ్ళు మొదలయ్యాయి. తల మీంచి బండలు దొర్లుకుంటూ పడ్డాయి. కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడదు. మంతన్నా వీరన్నా కలిసి తాడు లాగారు. ఒక బార, ఇంకో బార, ఇంకో బార. అలా లాగగా లాగగా మబ్బులోంచి బయన్న తల పైకొచ్చింది. ఒళ్ళంతా దోక్కుపోయింది గానీ మనిషి దక్కాడు.

బయన్న బండ మీద కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఎక్కలేకపోయినందుకు కొంత, బతికినందుకు కొంత. మంతన్న పక్కన కూచుని, "తిట్టి తిట్టి ఆకలేసుంటుంది. పద బావా, అక్క సంకటి వండింది" అన్నాడు. అప్పుడు బయన్న వాడి అరచేతులు చూశాడు. చర్మం లేదు. ఇంటికెళ్ళాక ఆ చేతులకి తనే తేనె పూసి, గుడ్డ కట్టి, సంకటి ముద్దలు తనే తినిపించాడు.

ఆ మరుసటేడు ఈదమ్మకి ఆడపిల్ల పుట్టింది. అచ్చం నీలాగే, ప్రశ్నల పుట్ట. దానికి ఆరేళ్ళు వచ్చాయి. ఒకరోజు నాన్న భుజాల మీద కూచుని కొండకేసి చూస్తూ అడిగింది:

"నాన్నా, ఆ తల మీద ఏముంది?"

"నాకు తెలీదమ్మా. రెండు బారల దూరంలో మీ మామ ఆపేశాడు."

"మామ ఎందుకు చూడనివ్వలేదు?"

బయన్న దాన్ని కిందికి దించి, ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నిన్ను చూడాలి కదా, అందుకని" అన్నాడు.

కథ కాలినడకన కంచి చేరె,
దుప్పటి మెల్లగా మెడను చేరె,
కునుకు చల్లగా కంటిని చేరె,
బుజ్జులు అమ్మమ్మ ఒడిని చేరె.