దొరగారి పందెం బండి

కోనవరం దొర మార్తాండరాయుడు ఒక పందెం బండి చేయించుకున్నాడు. గుర్రాన్ని కడితే జువ్వలా పోతుంది గానీ, అందులో ఉన్నది ఒక్కరు కూర్చునే పీట. పొరుగు సంస్థానానికి వేటకు వెళ్ళే రోజున, దూడలంతేసి వేటకుక్కలు రెండింటినీ అందులోనే ఎక్కించమన్నాడు.

"చోటు చాలదు దొరా," అన్నాడు బండి తోలే పోలయ్య.

"చోటు లేదనేవాడు చేతకానివాడు. వాటి కాళ్ళకు మట్టి అంటిందా, నీ వీపు చిట్లగొడతాను."

పోలయ్య కుక్కల్ని పీట మీద కూర్చోబెట్టి, తాను నొగల మీదికెక్కాడు. ఇక మిగిలింది కుక్కల కాళ్ళ దగ్గర జానెడు చోటు. అన్న మాట వెనక్కి తీసుకుంటే ఎక్కడ చిన్నబోతానోనని దొర అందులోనే ముడుచుకు కూర్చున్నాడు.

పొరుగూరి పొలిమేరలో పెద్దలు ఎదురొచ్చారు. దొర మొహం వాళ్ళెరగరు. కుక్కల్ని ముందుగా పంపాడనుకుని, ఆనవాయితీ తప్పకుండా పీట మీదున్నవాటికే దండలు వేశారు. కిందున్నవాణ్ణి కుక్కల కాపరి అనుకుని చేతికి గంజి ముంత ఇచ్చారు.

దొర పళ్ళు నూరుతూ గొణిగాడు. "నేనెవరో చెప్పవేంరా?"

"నోటిదాకా వచ్చింది దొరా. కుక్కల కాళ్ళ దగ్గర కూర్చుని వచ్చింది కోనవరం దొరేనని తెలిస్తే మీ పరువేం కావాలని ఆగాను. ఇప్పుడు చెప్పమంటారా?"

దొర గంజి తాగాడు.