మిషను మీద మీదే ఉందండి!

గుమ్మలూరు సంతవీధిలో గవర్రాజు అని ఒక దర్జీ ఉండేవాడు, అన్ని రకాల కుట్టూ వచ్చిన ఆ మనిషికి ‘ఇప్పుడు కుదరదు’ అనే ఒక్క మాట మాత్రం నోట వచ్చేది కాదు.

ఎవరు గుడ్డ తెచ్చినా, “దానికేముందండీ, ఎల్లుండి వచ్చెయ్యండి” అనేవాడు. అని ఊరుకున్నా బాగుండేది. కొలతలు తీసుకోగానే, వాళ్ళు చూస్తుండగానే కత్తెర అందుకుని కరకరా కోసేసేవాడు. కోసిన ముక్కలు పట్టుకుని ఇంకో దర్జీ దగ్గరికి ఎవరు పోతారు? వచ్చిన బేరం చెయ్యి జారిపోకుండా గవర్రాజు గురువు నేర్పిన కిటుకు అది. కోసినవన్నీ ఎప్పుడు కుట్టాలో మాత్రం చెప్పకుండానే ఆ గురువు కన్నుమూశాడు.

దాంతో కొట్టు నిండా మూటలే. బల్ల మీద మూటలు, బల్ల కింద మూటలు, వచ్చినవాళ్ళు కూర్చోవలసిన కుర్చీలో కూడా మూటలే. వీధి మలుపులో ఏ మూట తాలూకు మనిషి కనిపించినా, గవర్రాజు అప్పటిదాకా కుడుతున్నది లాగి పక్కన పడేసేవాడు. ఆ వచ్చే మనిషి గుడ్డ వెతికి తీసి సూది కింద పెట్టేవాడు. వాళ్ళు గుమ్మం ఎక్కేసరికి చెమట తుడుచుకుంటూ, “మిషను మీద మీదే ఉందండి!” అనేవాడు. అది అబద్ధమేమీ కాదు. వాళ్ళు గుమ్మం దిగేదాకా నిజమే.

ఇలా పొద్దస్తమానం మిషను టకటకలాడుతూనే ఉండేది గాని సాయంత్రానికి ఒక్క చొక్కా తెమిలేది కాదు. గవర్రాజుకి అన్నం సయించేది కాదు. నిద్రలో కూడా మిషను తొక్కుతున్నట్టు కాళ్ళాడించేవాడు. ఆ తన్నులు భరించలేక అతని భార్య నూకాలు చాప దూరంగా జరుపుకుంది.

“పనెక్కువైపోతందే” అని వాపోయేవాడు.

“పనెక్కువ కాదు మావా, మొదలెట్టినవెక్కువ” అనేది నూకాలు.

శ్రావణమాసం వచ్చింది. ఒక పక్క వ్రతాలు, ఒక పక్క పెళ్ళిళ్ళు. కొట్లో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. అప్పుడే గవర్రాజు కూతురు సత్యవతి ఆకుపచ్చ లంగా గుడ్డ, పసుపుపచ్చ జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. ఆగస్టు పదిహేనుకి బళ్ళో పాట పాడేది ఆ పిల్లే.

“నాన్నా, ఇది మాత్రం మర్చిపోకు. కిందటేడు నాకు కొత్త బట్టలు లేవని టీచరు నన్ను ఆఖరి వరసలో నిలబెట్టేశారు. అక్కణ్ణుంచి పాడితే నా పాట ఎవరికీ వినబడలేదు” అంది.

గవర్రాజు ఆ గుడ్డలు రెండు చేతులా అందుకున్నాడు. “నీది కుట్టకుండా ఇంకెవరిది కుడతానమ్మా!” అన్నాడు. అని వెంటనే కోసేశాడు. సత్యవతి చప్పట్లు కొట్టింది. “అయ్యో, అప్పుడే కోసేశావేటి!” అని నూకాలు నెత్తి కొట్టుకుంది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం గవర్రాజు నిజంగానే కూతురి జాకెట్టు ఎత్తుకున్నాడు. ఒక చెయ్యి కుట్టబోతూ తలెత్తి చూస్తే, వీధికి ఆ చివర నుంచి రిటైరైన హెడ్డు కానిస్టేబులు దాలినాయుడు వస్తున్నాడు. ఈ చివర చూస్తే రైసుమిల్లు చంద్రావతమ్మ వస్తోంది. ఒకరైతే తెలిసిన విద్యే. ఇద్దరొస్తే ఏం చెయ్యాలో గురువు చెప్పలేదు. గవర్రాజు కంగారులో ఇద్దరి మూటలూ విప్పి, కూతురి జాకెట్టు మీదే కుమ్మరించేశాడు.

“నా చొక్కా ఏదయ్యా?” అన్నాడు దాలినాయుడు.

“నా జాకెట్టో?” అంది చంద్రావతమ్మ.

“మిషను మీద మీదే ఉందండి!”

“ఎవరిది?”

“ఇద్దరిదీనండి!”

“అయితే కుట్టు. పట్టుకునే కదుల్తాను” అని దాలినాయుడు కుర్చీలో మూటలు దించి కూర్చున్నాడు. “నేనూ అంతే” అని చంద్రావతమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

గవర్రాజు ఆయన వంక చూసి నవ్వుతూ ఒక కుట్టు, ఆవిడ వంక చూసి నవ్వుతూ ఒక కుట్టు వేశాడు. నవ్వు మొహాల మీద, చెయ్యి ఏ ముక్క దొరికితే ఆ ముక్క మీద. గుడ్డ చాలకపోతే లాగాడు, ఎక్కువైతే కుచ్చుపోశాడు. చివరికి “హమ్మయ్య” అని రెండూ దులిపి ఇద్దరికీ చెరొకటి అందించాడు.

దాలినాయుడు అక్కడే చొక్కా తొడుక్కున్నాడు. కుడిచెయ్యి బాగానే దూరింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర ఇరుక్కుపోయింది. చూస్తే చారల చొక్కాకి ఒక పక్క పసుపుపచ్చ రంగులో చిన్నపిల్ల చెయ్యి ఉంది! ఇటు చంద్రావతమ్మ ఎర్రపట్టు జాకెట్టు ఎత్తి పట్టుకుంటే, దానికి చారల చొక్కా చెయ్యి బారెడు పొడుగున వేలాడుతోంది.

“గవర్రాజూ, ఇది తొడుక్కుని నేను వ్రతానికి కూర్చోవాలా, లాఠీ పట్టుకుని వీధిలో తిరగాలా?” అంది చంద్రావతమ్మ.

వీధి వీధంతా పగలబడి నవ్వింది. దాలినాయుడు ఉక్రోషంతో ఇరుక్కున్న చేతిని ఒక్క గుంజు గుంజాడు. పసుపుపచ్చ గుడ్డ బర్రున చిరిగింది.

అప్పుడే బడి నుంచి వస్తున్న సత్యవతి కొట్టు ముందు ఆగిపోయింది. “నాన్నా, అది నా జాకెట్టు” అంది. గట్టిగా కూడా అనలేదు. అని ఇంటికి వెళ్ళిపోయింది. గవర్రాజుకి వీధి నవ్వినప్పుడు సిగ్గేసింది గాని, ఆ మాటకి మాత్రం గుండె తరుక్కుపోయింది.

ఇద్దరూ ఆ బట్టలు బల్ల మీద పడేసి పోయాక, కొట్టు కట్టేసి ఇంటికి వెళ్ళాడు. సత్యవతి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. దుఃఖం దుఃఖమే, ఆకలి ఆకలే కదా. “రెండు అట్లు పొయ్యవే” అన్నాడు నీరసంగా.

నూకాలు పొయ్యి మీద పెనం పెట్టి అట్టు పోసింది. అది కాలకముందే తీసి అతని పళ్ళెంలో పడేసి, పెనం దించి పప్పుగిన్నె ఎక్కించింది. నీళ్ళు వేడెక్కకముందే గిన్నె దించి నూనె మూకుడు ఎక్కించింది. మధ్యలో లేచి గంపలో ఉన్న వంకాయలన్నీ తరిగి పోసింది.

“ఏటే ఇది? ఏం వండుతున్నావు?”

“అన్నీను.”

“మరి నా అట్టు?”

నూకాలు ఎన్నడూ లేని మర్యాదతో కొంగు సర్దుకుని, “పొయ్యి మీద మీదే ఉందండి!” అంది.

గోడవైపు నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. గవర్రాజు పళ్ళెంలోని పచ్చి అట్టు వంక చూశాడు. అతనికీ నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి.

“ఏం చెయ్యమంటావే? పుచ్చుకోకపోతే ఇంకో దర్జీ దగ్గరికి పోతారు” అన్నాడు.

“పోనీ. ఊళ్ళో గుడ్డలన్నీ నువ్వే కుట్టాలని బ్రహ్మ రాసేడేటి? ఒకటి దిగేకే ఇంకోటి ఎక్కించు. ఈలోగా ఎవరొచ్చినా ఉన్నమాట చెప్పు. తిడితే తిడతారు. ఇప్పుడు తిట్టట్లేదేటి?”

గవర్రాజు ఆ పచ్చి అట్టే ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అతను మూటలన్నీ నేల మీద పోసి, తప్పు కుట్లు విప్పి, ఏ ముక్క ఎవరిదో ఏరి జతచేశాడు. ఎవరికి ముందు అవసరమో వాళ్ళవి ముందు, ఆగగలిగినవాళ్ళవి వెనక, వరసగా మేకులకు తగిలించాడు. తరవాత ఇంటింటికీ వెళ్ళి ఉన్నమాట చెప్పాడు. కొందరు తిట్టారు. దాలినాయుడు మాత్రం, “ఆ మాట ముందే చెబితే, నీ కొట్టు చుట్టూ తిరగకుండా ఇంట్లో హాయిగా పేపరు చదువుకునేవాణ్ణి కదయ్యా!” అన్నాడు.

గవర్రాజు ఒకటి ముగించి ఒకటి ఎత్తుకున్నాడు. వారం తిరక్కుండా మేకులు ఖాళీ కావడం మొదలైంది. చంద్రావతమ్మ జాకెట్టు వ్రతానికి ముందే అయిపోయింది. ఆవిడ అది తీసుకుని, చంకలోని పెద్ద మూట బల్ల మీద పెట్టింది. “మా మేనల్లుడి పెళ్ళి. ఇంటిల్లిపాదివీ ఉన్నాయి, ఇవాళే మొదలుపెట్టు” అంది.

అంతా పట్టే. గవర్రాజు చెయ్యి దానంతటదే కత్తెర మీదికి పోయింది. మిషను మీద అప్పుడు కూతురి జాకెట్టు ఉంది. అతను కత్తెర తీసి తొడకింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు.

“ఇప్పుడు కుదరదమ్మా. పంద్రాగస్టు దాటాక అయితే పుచ్చుకుంటాను.”

“ఊళ్ళో నువ్వొక్కడివే దర్జీవా?” అని చంద్రావతమ్మ మూట ఎత్తుకుని చరచరా వెళ్ళిపోయింది. గవర్రాజుకి ప్రాణం ఉసూరుమంది. అయినా కాలు మిషను మీద నుంచి తియ్యలేదు. చిరిగిన పసుపుపచ్చ చెయ్యి ఇక పనికిరాదు కాబట్టి, లంగాలో మిగిలిన ఆకుపచ్చ గుడ్డతో రెండు చేతులూ కొత్తగా కుట్టాడు.

పంద్రాగస్టు నాడు కొట్టుకి తాళం వేసి, నూకాలుతో కలిసి బడికి వెళ్ళాడు. అక్కడ కనబడి చంద్రావతమ్మ గొల్లుమంది. “ఆ పైవీధి దర్జీకిచ్చాను గవర్రాజూ. పుచ్చుకోగానే అన్నీ కోసేశాడు. ఎప్పుడు వెళ్ళినా మిషను మీద మీదే ఉందంటాడు!” గవర్రాజు నాలుక కరుచుకుని ఆకాశం వంక చూశాడు.

ఇంతలో సత్యవతి ఆకుపచ్చ చేతుల జాకెట్టు వేసుకుని అందరికీ ముందు నిలబడి పాట ఎత్తుకుంది. ఇన్నేళ్ళుగా ఆ పిల్ల పాడుతూనే ఉంది, ఇన్నేళ్ళుగా గవర్రాజు కొట్లో సగం సగం చొక్కాల మధ్యే ఉన్నాడు. తన కూతురు ఇంత బాగా పాడుతుందని అతనికి ఆరోజే తెలిసింది. పాట అయ్యేదాకా కదలకుండా కూర్చుని విన్నాడు.

పిల్లలూ, చెయ్యగలిగినంతే ఒప్పుకోవాలి, ఒప్పుకున్నది ముగించాకే మరొకటి ఎత్తుకోవాలి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టేవాడికి పనీ తెమలదు, మనశ్శాంతీ మిగలదు.