శ్రుతిపెట్టె తీగ

శ్రుతిపెట్టె మళ్లీ మూగబోయింది. తప్పు ఎవరిదో విశ్వపతికి తెలుసు. అదే వచ్చిన చిక్కు.

విజయనగరంలో కామేశం మాస్టారి ఇంటి వసారాలో వయొలిన్ పాఠాలు జరుగుతాయి. పూర్వం పక్కన కూర్చుని ఎవరో ఒకరు తంబురా మీటేవారు. ఇప్పుడా పని కరెంటు శ్రుతిపెట్టె చేస్తోంది. దానికో నల్లటి అడాప్టరు, అడాప్టరుకో సన్నటి తీగ. ఆ అడాప్టర్లే వరసగా పోతున్నాయి. ముందు కొన్నాళ్లు తీగను కదిపితే పలకడం, వదిలితే ఆగిపోవడం. ఆ తర్వాత ఎంత బతిమాలినా పలకదు. రిపేరు కొట్టువాడు ప్రతిసారీ ఒకే మాట చెప్పాడు. "పైన తొడుగు బాగానే ఉందండి. లోపల రాగిపోగులు తెగిపోయాయి. తీగ బయటికొచ్చే చోట, అడాప్టరు మెడ దగ్గరే."

విశ్వపతి పెద్ద శిష్యుడు. చాపల మడతలు, వయొలిన్ పెట్టెల వరస, అన్నీ అతని చేతిమీదుగానే జరుగుతాయి. ఒక వస్తువు వంకరగా ఉంటే అతనికి అన్నం సయించదు. పాఠం అయ్యాక తీగను అడాప్టరు చుట్టూ, బొంగరానికి తాడు చుట్టినట్టు బిగించి చుట్టి, కొసను చివరి చుట్టులో దోపి గూట్లో పెడతాడు. చూసినవాళ్లు ముచ్చటపడేవారు. అందరికంటే ముందు అతనే పడేవాడు.

ఇంకో శిష్యుడు ఎర్రినాయుడు జూట్ మిల్లులో పనిచేస్తాడు. షిఫ్టు దిగి సైకిలు మీద వచ్చి, వసారాలో ఒక్కడే సాధన చేసుకుని పోతాడు. మిల్లు లైన్ల ఇళ్లలో ఒక షిఫ్టువాళ్లు పడుకునే వేళకి ఇంకో షిఫ్టువాళ్లు లేస్తారు. అక్కడ వయొలిన్ తీస్తే పక్కింటివాళ్లు గోడ బాదుతారు. ఈ వసారా లేకపోతే అతనికి సంగీతం లేనట్టే. అంతా బాగానే ఉంది గాని, పాపం సర్దడం రాదు. అతను వెళ్లాక తీగ నేలమీద ఎలా పడితే అలా ఉంటుంది.

ఇంకేం కావాలి? విశ్వపతి ఎర్రినాయుణ్ణి నిలదీశాడు.

"నువ్వే లాగుతున్నావు. మోటు చేతులూ నువ్వూను."

"నాను లాగనేదు బాబూ. ఎలగున్నాదో అలగే ఒగ్గీసినాను."

"అలా వదిలెయ్యడమే వద్దంటున్నాను. రేపట్నుంచి రాకు."

ఎర్రినాయుడు వయొలిన్ పెట్టెను సైకిలు క్యారేజీకి కట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వెళ్లడం చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమనేది. విశ్వపతి చూడలేదు. చాప మడుస్తున్నాడు.

మర్నాడు సాయంత్రం మాస్టారు అడిగారు. "నాయుడు రాలేదేం?"

విశ్వపతి చెప్పాడు. అడాప్టర్లు పోయిన వైనం, నాయుడి మోటుతనం, తను రావద్దన్న సంగతి, ఏదీ దాచలేదు. తప్పు చేశాననుకుంటే కదా దాచడానికి!

మాస్టారు వయొలిన్ తీసి ఒక కీర్తన సగందాకా వాయించి, వయొలిన్ మీద రాసే కమాను అతని చేతికిచ్చారు.

"పెట్టెలో పెట్టు."

విశ్వపతి వేళ్లు అలవాటుగా కమాను చివర ఉన్న మర మీదికి వెళ్లాయి. దానికి కట్టిన వెంట్రుకలు వదులు చెయ్యబోయాడు.

"వదులు చెయ్యకు. బిగించింది బిగించినట్టే పెట్టు."

విశ్వపతికి చెయ్యి రాలేదు.

"పాడైపోతుంది మాస్టారూ. బిగువు వాయించేటప్పుడే. పని అయ్యాక వదలకపోతే కర్ర వంగిపోతుందని మీరేగా నేర్పారు!"

"సరే, వదులు చేసే పెట్టు."

పెట్టాడు. మాస్టారు గూట్లోంచి పాడైపోయిన అడాప్టరు తీశారు. చుట్లన్నీ విప్పి, దాన్ని తీగతో సహా అతని ముందు చాప మీద పెట్టారు.

"ఇప్పుడు దీన్ని సర్దు. రోజూ ఎలా సర్దుతావో అలాగే."

ఇదో పరీక్షా అనుకున్నాడు విశ్వపతి. అడాప్టరును ఎడమచేత్తో పట్టుకుని, మెడ దగ్గర తీగను వెనక్కి మడిచి, మడతను బొటనవేలితో అదిమి, బిగించి లాగి మొదటి చుట్టు వేశాడు. రెండోది వెయ్యబోతూ ఆగిపోయాడు.

బొటనవేలు ఇంకా మడత మీదే ఉంది.

మాస్టారు కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకుంటున్నారు.

విశ్వపతి వేలు తీశాడు. చుట్టు దానంతటదే వదులైంది. మడత పడ్డచోట మాత్రం తీగ తిన్నగా రాలేదు. వేళ్లతో రాసి చూశాడు. అయినా రాలేదు.

"రేపు కొత్త అడాప్టరు తెస్తాను మాస్టారూ."

"తెద్దువుగానిలే," అన్నారు మాస్టారు. "ముందు నాయుణ్ణి తీసుకురా."